రాని పిల్లలు

జడ్జిగారు ఇంకా రాలేదు. కమిటీలో డాక్టరు కాని మనిషి ఒకరైనా ఉండి తీరాలని రూలు, ఆ ఒక్క మనిషీ రిటైరైన జడ్జి కర్ణిక్ సాహెబ్, ఆయన కారేమో చెరకు ట్రాక్టర్ల వెనక ఇరుక్కుపోయిందట, అందుకని కాలేజీ ఎథిక్స్ కమిటీ లోపల ఉల్లిపాయ భజీలు తింటోంది, పసిపిల్లల వార్డు డాక్టర్ హేమాంగి జగదాళె బయట బెంచీ మీద కూర్చుని ఉంది. చెప్పాల్సింది ఒకే ఒక్క వాక్యం. ఆ పిల్లలు బాగున్నారని మనకు తెలియదు, రాలేదని మాత్రమే తెలుసు. పొద్దున స్నానం చేస్తూ అనుకుంది, స్కూటర్ నడుపుతూ అనుకుంది, ఇప్పుడూ అనుకుంటోంది, అనుకునేకొద్దీ అది అరిగిపోయి పిల్లలు వల్లించే ఎక్కంలా తయారవుతోంది. ఎవరో ఒకరు అడిగితే చాలు. ఆ రాని పిల్లల సంగతేమిటి అని ఒక్కరు, ఒక్కసారి అడిగితే మిగతాదంతా దానంతటదే వస్తుంది, కామెర్ల మీద అచ్చయిన ఆ వ్యాసాన్ని పత్రిక వెనక్కి తీసుకుంటుంది, వ్యాసం పోతే వార్డు గోడకి అంటించిన కొత్త పద్ధతి పోతుంది, అది పోతే కామెర్లొచ్చిన పసిగుడ్లు నీలి దీపం కింద ఉండాల్సినంత సేపు ఉంటారు. తను కోరుతున్నది ఇంతే కదా, ఆకాశంలో చుక్కలేం అడగడం లేదు కదా.

లోపల్నుంచి నవ్వులు వినిపించాయి. ఆ నవ్వు వ్యాసం రాసిన ఇనాందార్ సర్‌ది కాదు, కాకూడదు కూడా, ఆయన ఇవాళ ఆ గదిలో ఉండకూడదు. లండన్ పత్రిక వాళ్ళ దగ్గర ఇలాంటి వాటికి ఓ పటం ఉంది, గళ్ళూ బాణాలూ గీసి, వ్యాసంలో తప్పుందని ఎవరైనా రాస్తే ఏం చెయ్యాలో చెప్పేది. ముందు ఆ రాసినవాళ్ళకి కృతజ్ఞతలు చెప్పండి. చెప్పారు, ఎంత బాగా చెప్పారని, ఈ విషయాన్ని మేము చాలా తీవ్రంగా పరిగణిస్తున్నాం అని ప్రతి ఉత్తరంలోనూ రాశారు. తర్వాత వ్యాసకర్తని అడగండి. అడిగారు. అన్నీ సవ్యంగానే ఉన్నాయని ఇనాందార్ సర్ జవాబిచ్చారు. తృప్తి కలగకపోతే వారి సంస్థని విచారించమనండి. సంస్థ అంటే డీన్, డీన్ అంటే ఇనాందార్ సర్, ఎథిక్స్ కమిటీకి అధ్యక్షుడు ఎవరంటే అదీ ఇనాందార్ సరే. బాణాలన్నీ తిరిగి తిరిగి ఆయన గుమ్మంలోనే ఆగాయి. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అని ఆమె భర్త నిరంజన్ నవ్వాడు ఆ రోజు. రూలు రూలే కనక ఈ ఒక్క విషయానికి సర్ కుర్చీ దిగి పక్క గదిలోకి వెళ్ళి కూర్చున్నారు, ఆ కుర్చీలో ఆయన శిష్యురాలు పేఠే మ్యాడం కూర్చుంది, రెండు గదుల మధ్య తలుపు మాత్రం తీసే ఉంది, చాయ్ ఒకే కెటిల్లోంచి రెండు గదులకీ వెళ్తోంది. పద్ధతి ప్రకారం ఎక్కడా వేలు పెట్టి చూపించడానికి లేదు.

కానీ దొంగ అనడానికి ఆమెకి ఇప్పటికీ నోరు రాదు. పసిబిడ్డ మాడు మీద దారప్పోగంత నరం ఎలా దొరకబుచ్చుకోవాలో ఆయనే నేర్పారు, ఏడుస్తోందంటే బతికుందని అర్థం, నువ్వెందుకు వణుకుతావే పిచ్చిదానా అని. నాన్న పోయారని కబురొచ్చిన రోజు సాతారా దాకా ఆయనే కారు నడిపారు, దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు, ఘాట్ దిగాక బండి ఆపి చాయ్ తెచ్చి చేతిలో పెట్టి, తాగు, అక్కడ నిన్ను ఎవరూ అడగరు అన్నారు. అలాంటి మనిషి. ఆ మనిషే వ్యాసానికి లెక్కలు కూడుతున్న రోజున తన గదిలో, అగ హేమాంగీ, ఒంట్లో బాగోకపోతే వచ్చేవాళ్ళు కదా, బిడ్డకి బాగోలేకపోతే ఏ తల్లైనా రాకుండా కూర్చుంటుందా, రాలేదంటే బాగున్నట్టే అన్నారు, అబద్ధం ఆడుతున్న మనిషి మొహంలా లేదది, నిజంగా నమ్మారు. బ్రాహ్మణాళీ సందులో పుట్టిన మనిషి, తుమ్మితే పక్క వీధి డాక్టరు చెప్పులేసుకుని ఇంటికొచ్చే చోట పెరిగిన మనిషి, ఆ సందులో రాలేదంటే బాగున్నట్టే మరి. ఏడో రోజు పరీక్షకి రాని పిల్లలందరి పేర్లకీ ఎదురుగా ఆరోగ్యం అని పెట్టించారు. ఏడో రోజున పిల్లలందరినీ పరీక్షించాం అని ఇంగ్లీషులో ఎంతో ముద్దుగా ఒక వాక్యం పడింది. దీపం త్వరగా ఆర్పేసి ఇంటికి పంపించినా నష్టం లేదని తేలింది, మంచాలు ఖాళీ అయ్యాయి, కాలేజీ ట్రస్టు అధ్యక్షుడు దాదా సన్మానం చేశారు. దాదాయే చక్కెర ఫ్యాక్టరీకీ అధ్యక్షుడు, కూలీలు పొలాల్లోకి త్వరగా వెళ్ళడం ఆయనకి రెండు విధాలా లాభమే.

కిటికీలోంచి బెల్లప్పాకం మాడిన వాసన వస్తోంది, ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ ఊరంతా ఇదే వాసన, కొత్తగా కాపురానికొచ్చినప్పుడు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది, ఇప్పుడు లేకపోతే తోచదు. ఈ వాసనతో పాటే వాళ్ళూ వస్తారు, దీపావళి వెళ్ళగానే బీడ్ వైపునుంచి ట్రక్కుల నిండా, పొయ్యి రాళ్ళతో సహా. మొగుడూ పెళ్ళాం కలిస్తే ఒక కొడవలి కింద లెక్క, మనుషుల్ని కాదు కొడవళ్ళని లెక్కపెడతాడు వాళ్ళ మేస్త్రీ, ముకాదం అంటారు వాణ్ణి. చెరకాకు గుడిసెలు వేసుకుంటారు, ఆ కోపీల్లోనే వంట, నిద్ర, నొప్పులు ఎక్కువైతే ఈ ఆసుపత్రి. ఆ పొలం నరకడం అయిపోతే ముకాదం ఈల వేస్తాడు, గుడిసెలు విప్పుకుని ఇంకో ఊరు, నది దాటి కర్ణాటకలో కూడా కావచ్చు. ఏడో రోజు రమ్మంటే తల ఊపుతారు. వాళ్ళకి ఏడో రోజు ఎక్కడ వస్తుందో ముకాదంకే తెలియాలి. ఇది ఈ తాలూకాలో కుక్కపిల్లకి కూడా తెలుసు, ఇనాందార్ సర్‌కీ తెలుసు, తెలిసినదాన్ని లెక్కలోకి తీసుకోవాలని మాత్రం తోచలేదు. పోనీ తనకి తోచిందా? వ్యాసం అచ్చయిన రోజున ముందు తన పేరే వెతుక్కుంది. సర్ పేరు, సర్ భార్య పేరు, ఆవిడ చర్మవ్యాధుల డాక్టరు, కామెర్లంటే చర్మం పచ్చబడుతుంది కదా ఆ చుట్టరికం కాబోలు, తర్వాత ఇద్దరు, ఆ తర్వాత జగదాళె హెచ్. అత్తగారు వాడా అంతా పేడాలు పంచింది, మా కోడలి పేరు లండన్లో పడింది అని. పేడాల తీపి గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ద్వారక వచ్చింది ఈ సీజన్ మొదట్లో. ద్వారకా సానప్, ముక్కుకి పెద్ద నత్తు, చేతులనిండా చెరకాకు కోసిన గీతలు, చంకలో ఏడాది దాటిన కొడుకు. దగ్గు మందు కోసం వచ్చింది. వీడు మహా మొండివాడు తాయీ, పిలిస్తే పలకడు, అచ్చం వాళ్ళ నాన్న పోలిక అని నవ్వింది. హేమాంగి వాడి చెవి వెనక చిటిక వేసింది. చప్పట్లు కొట్టింది. బల్ల మీది స్టీలు గిన్నె కింద పడేస్తే గదిలో పిల్లలందరూ ఉలిక్కిపడి ఏడుపు లంకించుకున్నారు, వాడు ఫ్యాను వైపు చూస్తూనే ఉన్నాడు. ఎత్తుకుంటే కొయ్యబొమ్మలా బిగుసుకుని మెడ వెనక్కి విరుస్తాడు. కామెర్లు ముదిరి మెదడుకెక్కితే పిల్లలు ఇలాగే అవుతారు. నిరుడు పుట్టినప్పుడు కామెర్లొచ్చాయి కదూ, ఏడో రోజు ఎందుకు తీసుకురాలేదు అని అరిచింది, అరుస్తున్నది ఎవరి మీదో తనకే తెలియలేదు. ద్వారక బెదరలేదు, దోషిలా కూడా మాట్లాడలేదు. “ఏడో రోజుకి మేం అథణీ అవతల ఉన్నాం తాయీ. పచ్చగా కనిపిస్తున్నాడని మా అత్తతో అన్నా. చెరకు తోటలో అందరం పచ్చగానే కనిపిస్తాం, నువ్వు కొడవలి పట్టు అంది.” ఆ సాయంత్రం ఇంటికెళ్ళి హేమాంగి వ్యాసం మొత్తం చదివింది, అక్షరం అక్షరం. అందులో ద్వారక కొడుకు ఉన్నాడు. అందులో వాడు బాగున్నాడు. అందులో వాడు ఎప్పటికీ బాగుంటాడు.

అప్పటినుంచి ఎన్ని ఉత్తరాలు రాసింది, లండన్‌కి, ఢిల్లీకి, మళ్ళీ లండన్‌కి, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది అని నిరంజన్‌తో అనబోయి నాలుక్కరుచుకుంది, ఆ సామెత ఇంక ఈ జన్మలో తన నోట రాదు. నాగపూర్ సభలో ఎవరో బీహార్ డాక్టరు వెతుక్కుంటూ వచ్చి చేతులు జోడించాడు, మీ పద్ధతి మేమూ మొదలుపెట్టాం మ్యాడం, మంచాలు ఎంత ఖాళీ అయ్యాయో అని, అతని మొహం ఎంత మంచిగా ఉందంటే ఈమె కూడా నవ్వింది. అక్కడా ఇటుక బట్టీల వాళ్ళుంటారు, వాళ్ళూ రారు, రాకపోతే బాగున్నట్టే. ఒక తప్పు అచ్చులో పడితే దానికి కాళ్ళొస్తాయి, నిజం మాత్రం బెంచీ మీద కూర్చుని జడ్జిగారి కోసం ఎదురుచూస్తుంది. నిరంజన్ ఒక రోజు విసుక్కున్నాడు కూడా, పత్రిక లండన్ వాళ్ళది, దీపం నీది, నీ దీపం సంగతి నువ్వు చూసుకోవోయ్ అని. అతను మాటవరసకే అన్నాడు.

ఆమె మాత్రం చూసుకోవడం మొదలుపెట్టింది. నుదుటి మీద ఆనిస్తే కామెర్లు ఎంతున్నాయో చెప్పే పరికరం ఉంది వార్డులో, కొత్త పద్ధతి ప్రకారం అది పన్నెండు చూపిస్తే దీపం ఆర్పెయ్యొచ్చు. కోపీ పిల్ల అయితే, పన్నెండు చూపిస్తే, హేమాంగి పద్నాలుగు అంటుంది. సిస్టర్ లోఖండే పరికరం వైపు చూస్తుంది, ఈమె వైపు చూస్తుంది. పద్నాలుగేనా మ్యాడం. పద్నాలుగే. రాసేస్తుంది. పిల్ల ఇంకో రోజు దీపం కింద ఉంటుంది, ఒక్కోసారి రెండు రోజులు. ఏం ఖర్మ, దొంగ లెక్క రాశారని ప్రపంచమంతా ఎలుగెత్తి చెబుతున్న మనిషే ఇప్పుడు ఈ ఆసుపత్రిలో చేజేతులా దొంగ లెక్క రాస్తోంది, పిల్లలు బాగుపడుతున్నది ఆ దొంగ లెక్క వల్లే. భయం వేస్తుంది. అయినా ఇవాళ పొద్దున కూడా రాయించింది, శేవంతా కూతురికి, పేరు కూడా పెట్టని పిల్ల, కళ్ళకి గంతలు కట్టుకుని ఆ నీలి వెలుగులో గుప్పిళ్ళు బిగించి పడుకుని ఉంది, దాని ఒంట్లో కామెర్లు పడినట్టే పడి మళ్ళీ పైకెక్కే రకం, తల్లిది ఒక రక్తం గ్రూపు, పిల్లది ఇంకోటి. ఇంకొక్క రాత్రి ఉంటే గండం గడుస్తుంది.

వార్డు ఆయా కమల్ మావశి మెట్లెక్కి రొప్పుతూ వచ్చింది.

“ఆ శేవంతా గోల చేస్తోంది మ్యాడం. గేటు దగ్గర ట్రక్కు పెట్టుకుని ముకాదం ఒకటే ఫోన్లు.”

“ఈ రాత్రికి ఉండమని చెప్పు మావశీ.”

“చెప్పానమ్మా. పక్క పిల్లకి దీపం తీసేశారు, నా పిల్లేం పాపం చేసింది అంటోంది. లెక్క ఎక్కువుంది అన్నా. ఎవరు లెక్కపెట్టారు, పిలువు వాళ్ళని అంటోంది.”

“నేను వస్తున్నానని చెప్పు. ఇది అవగానే వస్తా.”

ఇది అవగానే. ఎప్పుడవుతుంది ఇది? కర్ణిక్ సాహెబ్ చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చారు, ఈ చెరకు బళ్ళు మనల్ని చంపి గానీ వదలవు, క్షమించాలి అందరూ, క్షమించాలి అంటూ. బెంచీ మీద ఈమెను చూసి, మీరేనా తాయీ ఆ ఉత్తరాలు రాసింది, ధైర్యవంతులు అన్నారు. ఆయన చూపులో నిజమైన ఆదరం ఉంది. ఆయన అడుగుతారు, ఈయనే అడుగుతారు అనుకుంది హేమాంగి. తలుపు తెరుచుకుంది.

కూర్చోండి మ్యాడం, చాయ్ తీసుకోండి. ఎవరి మొహంలోనూ కోపం లేదు. నిర్ణయం ముందే టైపు చేసి ఉంది, పేఠే మ్యాడం చదివింది: మోసగించే ఉద్దేశం కనబడలేదు, నమోదులో కొంత అలసత్వం, వ్యాసకర్తల మధ్య అభిప్రాయభేదం. అభిప్రాయభేదం ఉన్నవారు తమ పేరు ఉపసంహరించుకునే హక్కు ప్రమాణాల్లోనే ఉంది. డాక్టర్ జగదాళె పేరు తొలగించడానికి పత్రిక అంగీకరించింది. వ్యాసం యథాతథంగా ఉంటుంది. ఇక్కడ ఒక సంతకం.

“ఇంతేనా?” అంది హేమాంగి. తర్వాత తన వాక్యం చెప్పింది. ఆ పిల్లలు బాగున్నారని మనకు తెలియదు, రాలేదని మాత్రమే తెలుసు.

కర్ణిక్ సాహెబ్ ముందుకి వంగారు. “మరి వాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు తాయీ?”

“తెలియదు సాహెబ్.”

“తెలియనప్పుడు, బాగాలేరని మాత్రం ఎలా అంటాం?”

“ఒకడు తెలుసు. ద్వారకా సానప్ కొడుకు. వాడికి చెవులు వినపడవు.”

“ఒకడు,” అంది పేఠే మ్యాడం, మెత్తగా, చదువు చెప్పేటప్పటి గొంతుతో. “ఒక్క పిల్లాణ్ణి పట్టుకుని ఏం తేల్చగలం మ్యాడం, మీకు నేను చెప్పాలా?” ఆమె చాయ్ కప్పు పక్కకి జరిపింది. “అది సరే గానీ, నాకో చిన్న సందేహం. మీ డ్యూటీలో మాత్రమే, అందులోనూ కోపీ పిల్లలకి మాత్రమే, రెండేసి ఎక్కువ ఎందుకొస్తోంది?”

గంటసేపు బెంచీ మీద కూర్చుని ఎదురుచూసిన ప్రశ్న రాలేదు, ఈ ప్రశ్న వచ్చింది. రాని పిల్లల గురించి ఎవరూ అడగలేదు, తను ఉంచుకున్న పిల్లల గురించి అడిగారు. అబద్ధం చెప్పొచ్చు, పరికరం మీద నెట్టెయ్యొచ్చు, ఇన్ని నెలలుగా ఏ నిజం కోసం తిరుగుతోందో ఆ నిజమే అడ్డం పడింది.

“నేనే రాయించాను,” అంది.

కర్ణిక్ సాహెబ్ కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన మొహంలోని ఆదరం ఆమె చూస్తుండగానే ఆరిపోయింది. “దొంగ లెక్కలా? మీరా తాయీ?” అన్నారు. “ఇంకొకరి లెక్కలు తప్పని ఇంత యాగీ చేసి, మీరా?” ఆయన నటించడం లేదు, పాపం, నిజంగానే బాధపడ్డారు. ఆమెకి చెప్పడానికి ఎంతో ఉంది, కానీ ఎక్కడినుంచి మొదలుపెట్టినా ఆయన చెవికి అది దొంగ మాటలాగే వినిపిస్తుంది. పేఠే మ్యాడం అప్పటికే వార్డుకి ఫోన్ చేసింది. సిస్టర్, కోపీ వాళ్ళ పిల్లకి ఇప్పుడే మళ్ళీ ఆనించి చూడండి, లైన్లో ఉంటా. పక్క గదిలో ఎవరో కప్పు సాసరులో పెట్టిన చప్పుడు. పన్నెండా. సరే, దీపం తీసేయండి. ఇక మీదట ఎవరి డ్యూటీ అయినా ఇద్దరు చూసి రాయాలి.

“దీన్ని మినిట్స్‌లో రాయడం లేదు మ్యాడం,” అంది ఫోన్ పెట్టేస్తూ, జాలిగానే. “రాస్తే మెడికల్ కౌన్సిల్‌కి వెళ్తుంది, లండన్‌కీ వెళ్తుంది. మీ మంచి కోరే చెబుతున్నా. మీ పేరు మచ్చ లేకుండా బయటపడింది, ఇంకేం కావాలి?”

రాస్తే ఆమె ఉత్తరాలన్నీ ఒక దొంగ రాసిన ఉత్తరాలవుతాయి, ద్వారక కొడుకు దొంగ సాక్ష్యం అవుతాడు. రాయకపోతే ఏమవుతుంది? ఏమీ అవ్వదు. హేమాంగి సంతకం పెట్టింది. పెట్టగానే ఒళ్ళు తేలికైంది, అలా తేలికైనందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఇనాందార్ సర్ బయటికి రాలేదు.

మెట్ల మలుపులో శేవంతా ఎదురైంది, తల మీద మూట, చేతుల్లో పిల్ల, దాని కళ్ళ గంతలు అప్పుడే విప్పినట్టున్నారు, వెలుతురుకి కళ్ళు చికిలిస్తోంది. పిల్ల తల్లికి పట్టుమని పంతొమ్మిదేళ్ళుండవు, మొహం వెలిగిపోతోంది.

“పెద్ద డాక్టర్లు వదిలేయమన్నారట తాయీ! మీరే చెప్పుంటారు పైకెళ్ళి. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.”

హేమాంగి ఆ అమ్మాయి మోచెయ్యి పట్టుకుంది. పిల్ల పాలు తాగకపోయినా, మత్తుగా పడుకున్నా, కళ్ళు పచ్చబడినా ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊళ్ళో ఆసుపత్రికి పరుగెత్తమని చెప్పింది, రెండుసార్లు చెప్పింది, ఇంకా గట్టిగా మూడోసారి చెప్పింది. శేవంతా బుద్ధిగా తల ఊపుతూ వింది.

“ఏడో రోజు తీసుకొస్తావు కదూ?”

“వస్తా తాయీ, ఎందుకు రాను.”

“ఇప్పుడు ఎటు వెళ్తున్నారు?”

“ఏమో. ముకాదం చెప్పలేదు.” గేటు దగ్గర ట్రక్కు హారన్ మోగింది. శేవంతా కదలబోయి ఆగి, పిల్ల మొహం మీద గుడ్డ ఇంకొంచెం పక్కకి తీసి, మెట్ల కిటికీలోంచి పడుతున్న ఎండకి ఎత్తి చూపించింది. “చూడండి తాయీ, వచ్చినప్పుడు పసుపుకొమ్ములా ఉండేది. ఎంత తెల్లగా అయిందో నా పిల్ల!”

దీపం కింద ముందు తెల్లబడేది చర్మమే. రక్తం సంగతి చర్మం చెప్పదు. హేమాంగి ఆ తెల్లటి మొహం వైపు చూసింది.

“అవును,” అంది. “బాగుంది.”